ఆ గంటలు ఎవరివి?

హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళినా లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద, మెయింటెనెన్స్ బకాయిల జాబితా కింద, రెండు మూడు చిన్న కాగితాలు కనిపిస్తాయి. ఫలానా ఫ్లాట్‌లో ఇడ్లీ పిండి, దోశ పిండి లభించును. జాకెట్లు కుట్టబడును, ఫాల్, పీకో చేయబడును. ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కల ట్యూషన్. ఆవకాయ, గోంగూర, చికెన్ పచ్చడి ఆర్డరు మీద. ఈ కాగితాలు అంటించినవాళ్ళలో చాలామందికి పగలు వేరే కొలువు ఉంటుంది. ఒకరు జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టుకు వెళ్తారు, ఒకరు శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ల్యాబ్‌కి, ఒకరు కొంపల్లిలో బడికి, ఇంకొకరు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్‌కి. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక రెండో పని మొదలు.

వాళ్ళందరూ అడిగేది ఒకటే. టైమ్ సరిపోవడం లేదు, ఎట్లా? పుస్తకాలు చెప్పే జవాబు కూడా ఒకటే. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి! ఈ అధ్యాయంలో ఆ సలహా దొరకదు. నాలుగింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోవాలి. ఆ వేళకు ఇక్కడ సగం ఇళ్ళలో కుక్కర్ ఇంకా విజిల్ వేస్తూనే ఉంటుంది.

ముందు లెక్క వేద్దాం. మాదాపూర్ ఉద్యోగినే తీసుకోండి. ఆఫీసులో తొమ్మిది గంటలు. బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా పోయి రావడానికి మంచి రోజైతే రెండున్నర గంటలు, వాన పడితే నాలుగు. మూడు వేసుకుందాం. నిద్ర ఏడు. స్నానం, తిండి, పిల్లల హోంవర్కు, గ్యాస్ బుకింగు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ కలిపి మూడు. ఇరవై రెండు గంటలు అయిపోయాయి. మిగిలిన రెంటిలో ఒకటి ఎటో పోతుంది. ఎటు పోయిందో వెతకడం దండగ. అంటే పనిరోజుల్లో రోజుకొక గంట, శని ఆదివారాల్లో మూడేసి గంటలు. మొత్తం పదకొండు. జ్వరాలు, చుట్టాలు, కరెంటు కోతల కింద ఒకటి తీసేస్తే పది.

జీడిమెట్లలో పనిచేస్తూ చింతల్‌లోనో షాపూర్‌నగర్‌లోనో ఉండేవాళ్ళకు ప్రయాణం కలిసొస్తుంది. కాకపోతే ఫ్యాక్టరీలో చాలాచోట్ల వారానికి సెలవు ఒక్క రోజే. వాళ్ళ లెక్కా పది పన్నెండు గంటల దగ్గరే ఆగుతుంది. ప్యారడైజ్ నుంచి మేడ్చల్ దాకా 23 కిలోమీటర్ల మెట్రో వేస్తామని 2025 జనవరి 1న ముఖ్యమంత్రి ప్రకటించారు. రైలు ఎక్కిన రోజున ఈ లెక్క మళ్ళీ వేసుకుందాం.

కాబట్టి మీ చేతిలో ఉన్నది పది గంటల వ్యాపారం. ఆ మాట వినగానే చాలామందికి నీరసం వస్తుంది. నాకు మాత్రం అది మంచి కొలతగా అనిపిస్తుంది. లైనింగ్ జాకెట్టు ఒకటి కుట్టడానికి మీకు రెండున్నర గంటలు పడితే పది గంటల్లో నాలుగు అవుతాయి. లైనింగ్ గుడ్డకు తిరగడం, ఆది జాకెట్టు చూపించి "ఇక్కడ కొంచెం లూజు పెట్టక్కా" అని చెప్పేవాళ్ళ మాట వినడం, కుట్టినదాన్ని మళ్ళీ విప్పి సరిచేయడం కూడా ఆ పదిలోవే. కనుక మూడు. వారానికి మూడు జాకెట్లు కుట్టగల మనిషి శ్రావణ మాసంలో ఒకే వారానికి పదిహేను ఒప్పుకుంటే ఆ మిగతా పన్నెండు ఎక్కడినుంచి వస్తాయి?

వస్తాయి, అదే తిరకాసు. పది గంటలకు మించిన వ్యాపారాలు ఈ చుట్టుపక్కల బోలెడు నడుస్తున్నాయి. కొన్ని నిద్రను తింటూ నడుస్తాయి. ఎక్కువ భాగం ఇంకొకరి గంటలను తింటూ నడుస్తాయి. "మా ఆవిడ చూసుకుంటుందిలే." "అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా, ఊరికే కూర్చోలేదు." "పిల్ల కాలేజీ నుంచి వచ్చాక ప్యాకింగ్ చేస్తుంది." ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి వినిపించిందంటే ఆ ఇంట్లో ఎవరి రోజో కరిగిపోతోందని అర్థం. ఉద్యోగం చేస్తూ వ్యాపారం కూడా నిలబెట్టాడని ఒకరికి పేరు వస్తుంది. గ్రైండర్ కడిగిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు.

కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. అదీ అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళ సంగతి. వాళ్ళు నూటికి 26 మందే. దాదాపు ఐదు గంటలు అప్పటికే ఖర్చయిన రోజు మీద మనం పచ్చళ్ళ వ్యాపారం పెడుతున్నాం. ఉద్యోగం చేసే ఆడవాళ్ళయితే పై లెక్కలో ఇంటిపనికి వేసిన ఆ మూడు గంటలు చూసి నవ్వుకునే ఉంటారు. వాళ్ళకు మిగిలేది పది కూడా కాదు. భర్త వంటింట్లోకి వస్తే తప్ప ఆ లెక్క మారదు.

ఈ విషయంలో మనకు దగ్గరగా జరిగిన కథ ఒకటుంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంది చేనేత కుటుంబం. పోచంపల్లి తరహా పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు తిరుగుతుంది. రోజుకు రెండు చీరల ఆసు అంటే 18,000 సార్లు. ఆ పని చేసింది ఆయన తల్లి లక్ష్మి. భుజం నొప్పితో ఆమె ఇక చేయలేనన్నప్పుడు ఆయన యంత్రం ఆలోచన పట్టుకున్నారు. 1992లో మొదలుపెట్టారు. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు. హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ, సంపాదించినదాంట్లోంచి విడిభాగాలు కొనుక్కుంటూ ఒక్కో భాగం తయారుచేశారు. చివరి చిక్కు 1999లో విడింది, అదీ బాలానగర్‌లో. పనికి వెళ్ళిన చోట ఒక యంత్రం కదలిక చూసి, తన యంత్రానికి కావలసిన కదలిక అదేనని గుర్తుపట్టారు. నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు దిగింది. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది.

ఈ కథను పట్టుదల పాఠంగా చెప్పడం మామూలే. నాకు అందులో మొదటి మెట్టు ఎక్కువ నచ్చుతుంది. తనకు సమయం ఎలా మిగులుతుందని ఆయన మొదలుపెట్టలేదు. ఇంట్లో ఎవరి చెయ్యి అరిగిపోతోందో చూసి అక్కడ మొదలుపెట్టారు. బాలానగర్ సుచిత్రకు పక్కనే. అక్కడ పనిచేసే వందలాది మంది ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్ల ఇళ్ళలో కూడా ఏదో ఒక పిండి రుబ్బుతున్నారు, ఏదో ఒకటి కుడుతున్నారు. వాళ్ళు ఒక్క ఆదివారం ఇంట్లో జరిగే పనిని ఫ్యాక్టరీ కళ్ళతో చూస్తే చాలు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. రెండు వారాలపాటు వ్యాపారం కోసం జరిగిన ప్రతి పనీ రాయండి. పని పేరు, పట్టిన సమయం, చేసినవాళ్ళ పేరు. మూడో గడి ముఖ్యం. గోంగూర ఒలిచింది అమ్మ, గంటన్నర. సీసాలు కడిగి ఎండబెట్టింది చెల్లి, నలభై నిమిషాలు. రెండు వారాలయ్యాక పేర్లవారీగా కూడండి. ఆ కూడికను ఇంట్లో అందరి ముందూ చదవండి. ఆ తర్వాత జరిగే మాటలు ఏ మేనేజ్‌మెంట్ పాఠం కన్నా ఎక్కువ నేర్పుతాయి.

ఇంటివాళ్ళ గంటలకు కూలి కట్టండి. ఇంట్లోవాళ్ళకు డబ్బివ్వడమేమిటని మొహమాటపడితే కనీసం ఖర్చుల్లో రాయండి. అప్పుడే సీసా అసలు ధర తెలుస్తుంది. బయటివాళ్ళకిచ్చే పనికి ముక్కల లెక్క మంచిది. హుక్కులు, కాజాలు, చేతికుట్టు పనిని పక్క ఫ్లాట్ ఆవిడకు జాకెట్టుకింత అని ఇచ్చే పద్ధతి మన దర్జీల దగ్గర ఎప్పటినుంచో ఉంది. లిజ్జత్ పాపడ్ మొత్తం ఆ సూత్రం మీదే లేచింది. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో పెట్టిన పని అది. సభ్యులు పొద్దున పిండి తీసుకెళ్తారు, ఇంట్లో వీలైనప్పుడు ఒత్తుతారు, మర్నాడు అప్పడాలు తెచ్చి తూకం వేయించి డబ్బు తీసుకుంటారు. ఎన్ని కిలోలు తీసుకెళ్ళాలో ఎవరికి వాళ్ళే తేల్చుకుంటారు. అసలు కిటుకు అక్కడుంది.

ఇప్పుడు వ్యాపారం ఎంపిక సంగతి. లాభమెంత అని అందరూ అడుగుతారు. ఆ పనికి కావలసిన కాలం ఏ ఆకారంలో ఉంటుందని అడిగేవాళ్ళు తక్కువ.

దోశ పిండి తీసుకోండి. రుబ్బడానికి రాత్రి గంట చాలు, పులవడం నిద్రలో జరిగిపోతుంది, పొద్దున ఆరింటికి ఇచ్చేయవచ్చు. జనరల్ డ్యూటీ ఉద్యోగానికి అతికినట్టు కనిపిస్తుంది. కానీ పిండికి సెలవు లేదు. మేనమామ కూతురి పెళ్ళికి కరీంనగర్ వెళ్ళిన రెండు రోజుల్లో మీ ఖాతాదారు పక్క వీధి పిండికి అలవాటు పడిపోతారు. ట్యూషన్‌కు గడియారం కచ్చితం. ఆఫీసులో ఆరింటికి మీటింగ్ పెడితే పదిమంది పిల్లలు మెట్ల మీద కూర్చుంటారు. కుట్టుపనిని ఏ అర్ధరాత్రయినా చేసుకోవచ్చు గానీ ప్రతి గుడ్డకూ గడువు ఉంటుంది. ఫంక్షన్ తర్వాత ఇచ్చిన జాకెట్టు ఎవరికీ అక్కర్లేదు.

పచ్చడి తీరు వేరు. ఆవకాయకు చేతిపని ఒకటిన్నర రోజు. కాయలు తుడవడం, ముక్కల్లోంచి జీడి తీయడం, ఆరబెట్టడం, కలపడం. తర్వాత జాడీ తన పని తాను చేసుకుంటుంది, మీరు ఆఫీసుకు వెళ్ళవచ్చు. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూస్తే చాలు. శనివారం కలిపితే సోమవారం రాత్రి తిరగకలపడం పడుతుంది, సెలవు పెట్టక్కర్లేదు. వేసవిలో కలిపింది ఏడాదంతా అమ్ముకోవచ్చు. కాయలు ముక్కలు కొట్టడం మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. సీజన్‌లో మార్కెట్ దగ్గర పెద్ద కత్తిపీటలతో కూర్చునేవాళ్ళు కిలోకింత తీసుకుని కొట్టిస్తారు. మీ పది గంటల్లో రెండు గంటలు అంత చవకగా ఇంకెక్కడా దొరకవు.

నిర్మా కథను ఈ కోణంలోంచి మళ్ళీ చూడండి. కర్సన్‌భాయ్ పటేల్ గుజరాత్ ప్రభుత్వ గనుల, భూగర్భ శాఖలో కెమిస్టు. 1969లో అహ్మదాబాద్‌లో ఇంటి దగ్గరే బట్టల పొడి చేసి సైకిల్ మీద ఇంటింటికీ అమ్మారు. పెద్ద కంపెనీల పొడి కన్నా చాలా చవక. ఆయన కష్టం సరే. ఆయన ఎంచుకున్న సరుకు కూడా చూడండి. పొడి పాడవదు, కారదు, వేడిగా ఇవ్వక్కర్లేదు, కొలతలు తీసుకోనక్కర్లేదు. చేసే సమయానికీ అమ్మే సమయానికీ ముడి లేదు. ఉద్యోగి చేతికి సరిపడే సరుకంటే అదీ. అదే కష్టం ఆయన పెరుగు మీద పెట్టి ఉంటే ఆఫీసు మానేయాల్సి వచ్చేది.

మన దగ్గర గడియారం కన్నా పెద్దది పంచాంగం. ఇంటి వ్యాపారానికి పని సమంగా రాదు, మాసాలను బట్టి వస్తుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గాని ఈ నగరంలో బోనాలు ఉన్నాయి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతంతో పాటు పెళ్ళి ముహూర్తాలు కలిసి దర్జీల మీద పడతాయి. భాద్రపదంలో కాస్త ఊపిరి. బతుకమ్మకు మళ్ళీ పరుగు. పుష్యంలో ముహూర్తాలు లేకపోయినా సంక్రాంతి సకినాలు, అరిసెల ఆర్డర్లు ఉంటాయి. మాఘం వచ్చిందంటే మేడ్చల్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్ళు వెలుగుతాయి. ఆ రాత్రుళ్ళు కొంపల్లి దాటడం ఎవరి తరం కాదు గనుక డెలివరీలు పెట్టుకోకండి. మూఢం ఎప్పుడు వస్తుందో ఏడాది ముందే పంచాంగంలో అచ్చయి ఉంటుంది. మగ్గం వర్క్ చేసేవాళ్ళు శాంపిళ్ళు కుట్టుకోవడానికి, మిషన్ సర్వీసు చేయించుకోవడానికి, ఇంట్లోవాళ్ళతో ఊరెళ్ళి రావడానికి అంతకన్నా మంచి కాలం లేదు.

ఉద్యోగానికీ ఒక పంచాంగం ఉంటుంది. అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళకు మార్చి 31 ముందు రెండు వారాలు మనిషి మనిషి కాదు. బడి టీచర్లకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు, సరిగ్గా ఆవకాయ కాలం. ఆ ఉద్యోగానికి ఆ వ్యాపారం దేవుడు కుదిర్చిన సంబంధం. గోడ క్యాలెండర్ మీద రెండు రంగుల పెన్నులతో రెండు పంచాంగాలూ గీయండి. రెండు రంగులూ ఒకే వారంలో చిక్కబడితే ఆ వారానికి ఆర్డర్లు ఒప్పుకోకూడదు. ఆ మాట నెల ముందే చెప్పేయాలి.

"అక్కా, శ్రావణం రెండో శుక్రవారానికి కావాలి."

"లేదమ్మా, ఆ వారం నిండిపోయింది. వ్రతం అయ్యాక సోమవారం ఇస్తా, లేదంటే ఈసారికి బయట కుట్టించుకో."

ఇలా చెబితే మనిషి పోతుందని భయం. నా అనుభవంలో పోయేది ఒప్పుకుని ఇవ్వకపోయినప్పుడే.

మారే షిఫ్టుల్లో ఉన్నవాళ్ళు రోజుల లెక్క వదిలేసి షిఫ్టుల లెక్క వేసుకోవాలి. ఫస్ట్ షిఫ్టు వారం మధ్యాహ్నాలు మీవి, సరుకు కొనడం, డెలివరీలు అప్పుడు. సెకండ్ షిఫ్టు వారం పొద్దున్నలు మీవి, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి రావచ్చు. నైట్ షిఫ్టు వారం వ్యాపారానికి సెలవు. రాత్రంతా మేలుకున్న మనిషి మరిగే నూనె ముందు నిలబడకూడదు, అందులో చర్చించడానికేమీ లేదు.

ఫోను గురించి రెండు మాటలు. పది గంటల్ని ఎక్కువగా తినేది వాట్సాప్. ధరల పట్టిక, కొలతలు, ఎప్పుడు ఇస్తారో ఒకే ఫొటోలో పెట్టి, అడిగినవాళ్ళకు అదే పంపండి. ఆర్డర్లు గురువారం రాత్రి తొమ్మిది దాకా, అడ్వాన్సు వచ్చాకే లెక్క. డెలివరీని దారుల వారీగా విడగొట్టండి. ఒక వారం కొంపల్లి వైపు, ఒక వారం చింతల్, కుత్బుల్లాపూర్ వైపు, మరో వారం అల్వాల్ వైపు. సుచిత్రలో ఉన్నవాళ్ళు ఆదివారం పొద్దున గేటు దగ్గరికి వచ్చి తీసుకుంటారు. ఆఫీసు వేళల్లో వ్యాపారం ఫోను ఎత్తకండి. అది సమయం సంగతే కాదు, ఉద్యోగం సంగతి కూడా. 2022లో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. జాకెట్లు కుట్టడం పోటీ పని కాదు, నిజమే. అయినా అపాయింట్‌మెంట్ ఆర్డరులో వేరే పని గురించి ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. ప్రభుత్వ ఉద్యోగులైతే ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు.

కాగితాల పని ఒక శనివారం పెట్టుకుంటే తేలిపోతుంది. తినేది ఏది అమ్మినా, ఎంత చిన్నగా అమ్మినా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి ఉంది, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. ఉద్యమ్‌కు డబ్బు కట్టమని అడిగే సైటు తెరుచుకుంటే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

అయితే ఆ శనివారం కూర్చునే ముందు నోటుబుక్కు తెరవండి. పేర్లవారీ కూడికలో మీ గంటలు ఎన్ని, మీ ఆవిడవి ఎన్ని, అమ్మవి ఎన్ని? మీవి పది, ఆమెవి ఇరవై రెండు అని ఉంటే ఆ వ్యాపారం ఆమెది, మీరు సాయం చేస్తున్నారు. నమోదు ఆమె ఆధార్, పాన్‌తో చేయించండి. సీసా మీద లేబుల్ ఆమె పేరుతో వేయించండి. వంటింటి గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి బ్యాంకు ఖాతాదో చూసి, మీదైతే మార్చండి. "డబ్బులు జమ అయ్యాయి" అన్న మాట ఎవరి ఫోనులో మోగితే వాళ్ళు ధరలు పెంచడం గురించీ, ఏ ఆర్డరు వద్దనాలో దాని గురించీ ఆలోచించడం మొదలుపెడతారు.

పేరు ఆమెది పెట్టాం గనుక ప్రభుత్వ కొలువులో ఉన్న మనకు ఇబ్బంది లేదని మాత్రం అనుకోవద్దు. కుటుంబంలో ఎవరు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి శాఖకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నియమావళి చెబుతోంది. రాష్ట్ర ఉద్యోగులు తమ నియమాలు చూసుకోవాలి. ఆ ఉత్తరం ఒక పేజీ మించదు. రాయడానికి పట్టే పావుగంట మీ లెక్కలోనే వేసుకోండి.